మూడు నదుల కాడ మ్యాక్స్ ముచ్చట

మన విదర్భలోని భామ్రాగడ్ దగ్గర మూడు నదులు కలుస్తాయి బిడ్డా: పర్లకోట, పాముల గౌతమి, ఇంద్రావతి. వానకాలం ముదిరితే మూడూ ఒక్కసారే పొంగుతాయి. ఇంద్రావతి నిండుగా పారుతుంటే మిగతా రెండింటి నీళ్లకు పోయే దారి దొరకదు, వెనక్కి తన్ని ఊరి మీదికి వస్తాయి. పర్లకోట మీద ఏళ్ల తరబడి వాడిన వంతెన తక్కువ ఎత్తుది. దాని పైనుంచి నీళ్లు పారాయంటే ఆలపల్లి వైపు రాకపోకలు బంద్. అలాంటి రోజున ఎవరిని పలకరించినా "ఇంత నీళ్లు ఎన్నడూ చూడలే" అంటారు. పక్కనే ఉన్న ముసలాయన ఊరుకోడు. "ఎందుకు చూడలే? ఆ ఏడు ఇంతకంటే ఎక్కువ వచ్చినయ్" అని లేస్తాడు. ఇద్దరూ కలిసి చేస్తున్నది ఒక లెక్క. ఇన్నేళ్లలో అన్నిటికంటే పెద్దది ఏది అని వెతుకుతున్నారు. నువ్వు బడిలో కంప్యూటర్ ముందు కూర్చుని చేసే లెక్క కూడా ఇదే.

పైథాన్ నేర్చుకునే పిల్లలకు మొదట్లోనే మ్యాక్స్ అనే మాట ఎదురవుతుంది. మ్యాక్స్ అని రాసి, బ్రాకెట్లో అంకెలు పెడితే చాలు, వాటిలో పెద్దదాన్ని చెబుతుంది. దాన్ని నువ్వు తయారు చెయ్యక్కర్లేదు, భాషతోపాటే వస్తుంది. అందుకే బిల్ట్-ఇన్ ఫంక్షన్ అంటారు. ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. 1957లో జాన్ బ్యాకస్ బృందం ఐబీఎం 704 యంత్రం కోసం ఫోర్ట్రాన్ భాషను తెచ్చింది. అందులోనే మ్యాక్స్ ఉంది. అప్పుడు ఒకటి కాదు, నాలుగు మ్యాక్స్‌లు ఉండేవి. ఇచ్చేవి పూర్ణాంకాలా, దశాంశాలా? రావలసిన జవాబు పూర్ణాంకమా, దశాంశమా? ఒక్కో జతకు ఒక్కో పేరు. ఇప్పటి పిల్లలకు ఆ బాధ లేదు, ఒకే మాట అన్నిటికీ పనిచేస్తుంది.

లోపల అది చేసే పని చాలా సులువు. అంగట్లో మామిడికాయల కుప్పలోంచి అన్నిటికంటే పెద్ద కాయ ఏరాలనుకో. కుప్పనంతా సైజు వారీగా పేర్చుకుంటూ కూర్చోవు కదా. ఒక కాయ చేతిలో పట్టుకుంటావు. ఇంకో కాయతో పోలుస్తావు. అది పెద్దదైతే చేతిలోది వదిలేసి దాన్ని పట్టుకుంటావు, లేకపోతే ముందుకు పోతావు. కుప్ప అయిపోయేసరికి చేతిలో మిగిలిందే పెద్దది. వెయ్యి అంకెలుంటే 999 సార్లు పోలిస్తే పని పూర్తవుతుంది. అంతకంటే తక్కువలో చెయ్యగలమా? చెయ్యలేం. ఎందుకంటే ఒకటి పెద్దదని తేలాలంటే, మిగతా 999 అంకెల్లో ప్రతిదీ కనీసం ఒక్కసారైనా ఎవరో ఒకరి చేతిలో ఓడిపోవాలి. ఒక పోలికలో ఒక్కటే ఓడుతుంది. కాబట్టి 999 ఓటములకు 999 పోలికలు కావాలి. ఇంత చిన్న మాటతో ఇంత గట్టి రుజువు దొరకడం నాకు ఎప్పుడూ ఆనందమే. అదే వెయ్యి అంకెలనూ వరసలో పేర్చాలంటే, ఎంత తెలివైన పద్ధతి పట్టినా ఎనిమిదిన్నర వేల పోలికలకు తక్కువలో అవుతుందని హామీ ఇవ్వలేం. పెద్దది ఒక్కటే కావలసినవాళ్లు అంత కష్టపడడం దేనికి?

ఇక్కడి నీళ్లతోనే ఒకసారి చేసి చూద్దాం. భామ్రాగడ్ కాడి మూడు నదుల నీళ్లు ఇంద్రావతిగా పారి సోమనూరు దగ్గర గోదావరిలో కలుస్తాయి. అప్పటికే సిరొంచ దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో చేరి ఉంటుంది. ఇదంతా కలిసి కిందికి, భద్రాచలానికి పోతుంది. అక్కడ గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 1990 ఆగస్టులో 70.8. 2022 జులైలో 71.3. మ్యాక్స్ మొదట 75.6ను చేతిలో పట్టుకుంటుంది. 70.8 చిన్నది, వదిలేస్తుంది. 71.3 కూడా చిన్నదే. జవాబు 75.6. అక్కడితో దాని పని అయిపోయింది. ఆ 71.3 వచ్చిన ఏడు ఎన్ని ఊళ్లు మునిగాయో, అది ఎంత పెద్దదో దానికి పట్టదు. రెండో పెద్దది కావాలంటే వేరే అడగాలి. ఎక్సెల్‌లో అయితే అందుకు లార్జ్ అనే ఇంకో ఫంక్షన్ ఉంది. దానికి 2 అని చెబితే రెండోది ఇస్తుంది.

ఇప్పుడు ఊహకు ఒక రోజు వాన లెక్క తీసుకుందాం, నిజం అంకెలు కావివి. సిరొంచలో 88 మిల్లీమీటర్లు, అహేరిలో 131, ఏటపల్లిలో 112, భామ్రాగడ్‌లో 174. వాతావరణ శాఖ లెక్కలో 64.5 నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. అంటే మన భామ్రాగడ్‌ది అతి భారీ. మ్యాక్స్‌కు ఈ నాలుగు అంకెలిస్తే 174 అంటుంది. కానీ పడవ ఎటు పంపాలో తెలియాలంటే 174 అన్న మాట చాలదు, ఎక్కడ అన్నది కావాలి. ఊరి పేర్లే మ్యాక్స్‌కు ఇద్దామా అంటే అది "సిరొంచ" అంటుంది! మోసమేం కాదు. పేర్లిస్తే అక్షరాల వరసను బట్టి పోలుస్తుంది. భ, ఏ, అ కంటే స తర్వాత వస్తుంది కాబట్టి దాని దృష్టిలో సిరొంచే పెద్దది. అందుకే పైథాన్‌లో "కీ" అని ఒక సౌకర్యం పెట్టారు. పేర్లు ఇవ్వు, కానీ పోల్చేటప్పుడు ఆ ఊరి వానను చూసి పోల్చు అని చెప్పవచ్చు. అప్పుడు "భామ్రాగడ్" అని సరైన జవాబు వస్తుంది. ఒకవేళ రెండు ఊళ్లలో సమానంగా పడితే? ముందు కనబడిన ఊరి పేరే చెప్పి ఊరుకుంటుంది. రెండో ఊరి వాళ్లకు కూడా పడవ కావాలని దానికి తెలియదు, అది నువ్వు చూసుకోవాలి.

ఈ అక్షరాల సంగతి అంకెల్లోకి కూడా దూరుతుంది బిడ్డా, అక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. ఫైలులోంచి చదివిన అంకెలు చాలాసార్లు అంకెలుగా రావు, అక్షరాలుగా వస్తాయి. అప్పుడు మ్యాక్స్ ఎడమ నుంచి ఒక్కో అక్షరాన్నీ పోలుస్తుంది. 88లో మొదటిది 8, 174లో మొదటిది 1. ఎనిమిది పెద్దది కాబట్టి 88 గెలిచింది! అతి భారీ వాన పడిన ఊరు లెక్కలో వెనక్కిపోయింది. కంప్యూటర్ తప్పు అని ఒక్క ముక్క కూడా చెప్పదు, హాయిగా 88 అని చూపిస్తుంది. కాబట్టి ముందు వాటిని అంకెలుగా మార్చి, ఆ తర్వాతే మ్యాక్స్‌కు ఇవ్వాలి.

ఇంకో సంగతి నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతుంది. ఆ రాత్రి భామ్రాగడ్‌లో వాన కొట్టికొట్టి కరెంటు పోయింది, ఫోను పోయింది, అంకె పంపే దారి లేదనుకో. పట్టికలో ఆ గడి ఖాళీ. ఎక్సెల్ ఖాళీ గడులను పట్టించుకోదు, మిగతా మూడింటిలో చూసి 131 అంటుంది. పొద్దున్నే ఎక్కడో దూరాన ఒక ఆఫీసులో "నిన్న అన్నిటికంటే ఎక్కువ వాన అహేరిలో" అని రాసుకుంటారు. ఎక్కువ దెబ్బ తిన్న ఊరే లెక్కలో లేకుండా పోయింది. ఇది ఏదో అనుకోకుండా జరిగేది కాదు. పెద్ద వాన పడినచోటే కొలత తప్పిపోయే అవకాశం ఎక్కువ. కొట్టుకుపోయేది అక్కడి గేజే, తెగిపోయేది అక్కడి తీగే. అందుకని పెద్దది ఏదని అడిగే ముందు ఎన్ని ఊళ్ల నుంచి అంకెలు వచ్చాయి, ఏ ఊరిది రాలేదు అని అడగాలి. రానిదాని మీదే ముందు అనుమానపడాలి.

అసలు ఒక్క అంకె కూడా రాకపోతే? ఈ ప్రశ్నకు ఒక్కో భాష ఒక్కో జవాబు ఇస్తుంది. పైథాన్ ఒప్పుకోదు, పొరపాటు అని ఆగిపోతుంది. జావాస్క్రిప్ట్ రుణ అనంతం అంటుంది. డేటాబేసుల భాష ఎస్‌క్యూఎల్ "నల్", అంటే తెలియదు అంటుంది. ఎక్సెల్ సున్నా అంటుంది. నా మటుకు నాకు పైథాన్, ఎస్‌క్యూఎల్ పద్ధతే మర్యాదగా తోస్తుంది. ఎక్సెల్ ఇచ్చే సున్నా ప్రమాదం: కొలవనే కొలవని ఊరికి "అత్యధిక వర్షం 0 మి.మీ." అని పడుతుంది, చదివినవాళ్లు అక్కడ చినుకే రాలలేదనుకుంటారు. దీనికి తోడు, చూడని రోజుకు గుర్తుగా 999 అని వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దాన్ని తీసెయ్యకుండా మ్యాక్స్‌కు ఇస్తే జవాబు 999, ఇంకేం కావాలి. అలాగే సొంతంగా మ్యాక్స్ రాసుకునే పిల్లలు మొదట చేతిలో సున్నా పట్టుకుని మొదలుపెడతారు. వానకు పరవాలేదు, సున్నాకు తక్కువ వాన ఉండదు. అదే లద్దాఖ్‌లోని ద్రాస్ చలికాలపు ఉష్ణోగ్రతలకు పెడితే, అన్నీ సున్నాకు కిందే ఉన్న రోజున కూడా జవాబు సున్నా అని వస్తుంది, ఆ సున్నా అసలు పట్టికలోనే లేదు. అందుకే మొదటి అంకెనే చేతిలో పట్టుకుని మొదలుపెట్టాలి.

మ్యాక్స్ గుణం ఇంకొకటి ఉంది. సగటులో ఒక తప్పు అంకె పడితే వందలో ఒకటిగా కలిసిపోతుంది. మ్యాక్స్‌లో పెద్ద తప్పు ఒక్కటి పడితే అదే రాజవుతుంది. లిబియాలో అల్ అజీజియా అనే ఊరు ఉంది. 1922 సెప్టెంబరు 13న అక్కడ 58 డిగ్రీల సెల్సియస్ అని రాశారు. ప్రపంచంలోకెల్లా వేడి రోజు అదేనని తొంభై ఏళ్లు పుస్తకాలన్నీ చెప్పాయి, బళ్లలో బట్టీ పట్టించారు. అక్కడ వాడింది సిక్స్ రకం థర్మామీటరు. దాంట్లో పాదరసం పైకి లేస్తూ ఒక చిన్న సూదిని నెట్టుకుంటూ పోతుంది. వేడి తగ్గితే పాదరసం దిగుతుంది, సూది మాత్రం పైనే ఆగిపోతుంది. అంటే ఆ గాజు గొట్టమే మ్యాక్స్ లెక్క చేస్తోంది. సూది కింది కొసను చదవాలి. కొత్తగా ఆ పనిలోకి వచ్చిన మనిషి పై కొసను చదివి ఉంటాడని నిపుణులు తేల్చారు. ఆ ఒక్క పొరపాటుతో ఏడు డిగ్రీల దాకా తేడా వస్తుంది. 2012లో సరిగ్గా అదే సెప్టెంబరు 13న ప్రపంచ వాతావరణ సంస్థ ఆ రికార్డును కొట్టేసింది. ఇప్పుడు ఆ పేరు అమెరికాలోని డెత్ వ్యాలీది, 1913 జులై 10న 56.7 డిగ్రీలు.

అంత దూరం ఎందుకు, మన విదర్భలోనే చూడు. 2024 మే చివర్లో నాగపూర్‌లోని ఒక ఆటోమేటిక్ కేంద్రం 56 డిగ్రీలు చూపించింది. ఊరంతా గుప్పుమంది. సెన్సర్ సరిగ్గా లేదని వాతావరణ శాఖ తర్వాత చెప్పింది. దేశంలో ఒప్పుకున్న అత్యధిక ఉష్ణోగ్రత 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోడీలో వచ్చిన 51 డిగ్రీలు. దానికంటే ఒక్కసారిగా అయిదు డిగ్రీలు ఎగబాకిన అంకె కనబడితే, సంబరపడే ముందు పక్క ఊళ్ల అంకెలు చూడాలి. మ్యాక్స్ ఇచ్చిన జవాబును నమ్మే ముందు ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఒక్క వరసను వెళ్లి చదవాలి. ఒక్క నిమిషం పని.

కొలిచినవి అన్నీ సరైనవే అయినా అసలు శిఖరం తప్పిపోవచ్చు. వానను పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచి, ముందు రోజు ఎనిమిదిన్నర నుంచి పడిందంతా ఒక రోజు వాన అని రాస్తారు. తెల్లవారుజామున మూడింటికి మొదలై మధ్యాహ్నం రెండింటి దాకా కుండపోతగా 300 మి.మీ. పడిందనుకో. సగం నిన్నటి గడిలోకి, సగం ఇవాళ్టి గడిలోకి పోతుంది. మ్యాక్స్ 150 అంటుంది. వంతెనలు కట్టే ఇంజనీర్లకు ఈ సంగతి తెలుసు. అందుకే రోజువారీ అంకెలను సుమారు 1.13తో హెచ్చించి, నిజమైన ఇరవైనాలుగు గంటల పెద్ద వానను అంచనా కడుతుంటారు. నదికి కూడా ఇదే వర్తిస్తుంది. ప్రాణహిత మీద టేక్రా, ఇంద్రావతి మీద పాతగూడెం, గోదావరి మీద పేరూరు దగ్గర కేంద్ర జల సంఘం నీటిమట్టం చూస్తుంది. అలాంటి కేంద్రం లేని చిన్న వాగు అర్ధరాత్రి రెండింటికి ఉబ్బి నాలుగింటికి దిగిపోతే దాన్ని ఎవరు చూస్తారు? అమెరికాలో ఇందుకు ఒక తేలికైన ఉపాయం చేశారు. రంధ్రాలున్న గొట్టాన్ని నిలబెట్టి, లోపల ఒక కర్ర, అడుగున కాస్త కార్క్ పొడి పెడతారు. నీళ్లు లేస్తే పొడి తేలుతూ పైకి వస్తుంది. నీళ్లు దిగేటప్పుడు ఎక్కినంత ఎత్తున కర్రకు అంటుకుని ఉండిపోతుంది. కరెంటు వద్దు, కాపలా వద్దు. వాగు తీసిన గరిష్ఠాన్ని వాగే రాసిపెట్టి పోతుంది.

చివరగా ఆ ముసలాయన వాదనకు వద్దాం. రికార్డులు ఎన్నిసార్లు బద్దలవ్వాలి? దీనికి చక్కని లెక్క ఉంది. మొదటి ఏడు ఎంత వచ్చినా అదే రికార్డు. రెండో ఏడు దాన్ని దాటే అవకాశం రెండింట్లో ఒకటి. మూడో ఏడు మూడింట్లో ఒకటి. వందో ఏడు వందలో ఒకటి. వీటన్నిటినీ కూడితే పదేళ్లలో దాదాపు 3 రికార్డులు, వందేళ్లలో 5.19, వెయ్యేళ్లలో ఏడున్నర. వెయ్యి అంకెల పట్టికలో, మొదటిదాన్ని పట్టుకోవడం కూడా కలుపుకుంటే, మ్యాక్స్ చేతిలోకి కొత్త అంకె వచ్చేది కూడా సగటున అన్నిసార్లే. డొనాల్డ్ క్నూత్ 1968లో తెచ్చిన "ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్" మొదటి సంపుటంలో ఈ లెక్కనే విడమరిచి చేశాడు. అయితే ఒక షరతు: ఏ ఏటి వాన ఆ ఏటిదే కావాలి, కాలం తీరు మారకుండా ఉండాలి. కాలం గడిచేకొద్దీ రికార్డులు అరుదవ్వాలి. అలా కాక మాటిమాటికీ బద్దలవుతుంటే కాలమే మారుతోందని అనుమానించాలి.

మనకు దగ్గరి సంగతే చూడు. 2013 జులై 19న ఇప్పటి ములుగు జిల్లా వాజేడులో ఒక్క రోజులో 517.5 మి.మీ. పడితే తెలంగాణలో అదే పెద్దదన్నారు. పదేళ్లకు, 2023 జులైలో అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. పడింది. చిన్న తేడా కాదది, 132 మి.మీ. పైన. ఈ ఒక్క జతతోనే కాలం మారిందని రుజువు చెయ్యలేం, కొలిచే కేంద్రాలు కూడా ముందుకంటే పెరిగాయి. కానీ ఒకటి మాత్రం ఖాయం: 2013 నాటి అంకెను పట్టుకుని ఇంతకంటే రాదనుకున్న వాళ్లెవరైనా ఉంటే పదేళ్లకే వాళ్ల లెక్క తప్పింది. మ్యాక్స్ చెప్పేది వచ్చినదాంట్లో పెద్దది. రాబోయేదాంట్లో పెద్దది దాని దగ్గర లేదు. వంద ఏళ్ల లెక్క చేతిలో ఉన్నా నూటొకటో ఏట దాన్ని దాటే అవకాశం సున్నా కాదు, నూటొక్కటిలో ఒకటి ఉండనే ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడు పాత వరద గీత పైన ఇంకొంత ఎత్తు వదలాలనేది అందుకే.

భామ్రాగడ్, సిరొంచ, అంకీస, ఆసరెల్లి పిల్లలారా, మీతో ఒక మాట. ఈ వానకాలం మీ వాగు పొంగినప్పుడు దగ్గరికి పోకండి. నీళ్లు పూర్తిగా దిగాక, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి గోడ మీద, చెట్టు మీద మిగిలిన బురద మరకను చూడండి. వాన మళ్లీ కడిగెయ్యకముందే దాని పై అంచున గీత గీసి, ఏడు, తేదీ రాయండి. నేల నుంచి ఎంత ఎత్తో టేపుతో కొలిచి నోటుపుస్తకంలో ఎక్కించండి. చూడలేకపోయిన ఏడు ఉంటే ఆ గడిని ఖాళీగానే వదిలి పక్కన "చూడలేదు" అని రాయండి, సున్నా మాత్రం వెయ్యకండి. ఆ పుస్తకం నకలు ఒకటి బడిలో, ఒకటి గ్రామపంచాయతీలో ఇవ్వండి.